ముక్కుసూటి దారి లేని కోట: హిమెజి అగడ్తల వెంట ఒక నడక

తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదివే పాఠం (6 నుంచి 9 తరగతులు)

 

ఈ నెల పాఠానికి ఒక తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు, కాస్త దారం దగ్గర పెట్టుకోండి. కాగితం మీద 13 సెంటీమీటర్ల ఎడంగా రెండు చుక్కలు పెట్టండి. ఒక చుక్క పక్కన ‘ద్వారం’ అని, రెండో చుక్క పక్కన ‘మేడ’ అని రాయండి. ఇప్పుడు 32.5 సెంటీమీటర్ల దారం ముక్క కత్తిరించి పక్కన ఉంచుకోండి. ఆ దారంతో పని పాఠం చివర్లో పడుతుంది.

కాగితం మీద మీరు గీసింది జపాన్‌లోని హిమెజి కోట. మన స్కేలులో 1 సెంటీమీటరు అంటే నేల మీద 10 మీటర్లు. కోట మొదటి పెద్ద ద్వారం నుంచి నడిబొడ్డున ఉన్న పెద్ద మేడకు పక్షి ఎగిరినట్టు వెళితే 130 మీటర్లే. మనిషి నడిచి వెళ్ళాలంటే మాత్రం 325 మీటర్లు. అంటే సరిగ్గా రెండున్నర రెట్లు. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, ఎదురుగా కనిపించే మేడకు ఇంత చుట్టు దారి ఎందుకు పెట్టారు? ఈ నెల మన ప్రశ్న ఇదే. జవాబు కోసం కోట చుట్టూ, లోపలా ఒకసారి నడిచి వద్దాం.

ఒక చిన్న ఆట పెట్టుకుంటే పాఠం బాగా ఎక్కుతుంది. ఇంట్లో ఒకరు కోట మీదికి వచ్చిన సైనికుడు, ఇంకొకరు గోడ వెనక కాపలావాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ చదవడం ఆపి, ‘ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని ఒకరినొకరు అడగండి.

ముందుగా కోట గురించి నాలుగు మాటలు

హిమెజి పట్టణం జపాన్ పడమటి భాగంలో, హ్యోగో ప్రాంతంలో ఉంది. అక్కడి చిన్న కొండ మీద 14వ శతాబ్దం నుంచీ ఏదో ఒక కోట ఉంటూనే వచ్చింది. 1580ల్లో తొయొతోమి హిదెయోషి అనే సేనాని అక్కడ మూడంతస్తుల మేడ కట్టించాడు. 1600లో సెకిగహార యుద్ధం జరిగింది. అందులో గెలిచిన తొకుగావ ఇయెయాసు ఈ కోటను తన అల్లుడు ఇకెదా తెరుమాసకు అప్పగించాడు. తెరుమాస 1601 నుంచి 1609 వరకు దాన్ని దాదాపు కొత్తగా కట్టించాడు. ఆ తర్వాత 1617లో వచ్చిన హొందా తదమాస పడమటి వైపు ఆవరణ కట్టించి, కోటను ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు.

ఈ కోటను జపాన్‌వాళ్ళు ‘తెల్ల కొంగ కోట’ అని ముద్దుగా పిలుచుకుంటారు. తెల్లటి గోడలు, రెక్కలు విప్పినట్టు ఒకదాని మీద ఒకటిగా ఉన్న చూర్లు చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పనక్కర్లేదు. కోటలో మొత్తం 83 కట్టడాలు ఉన్నాయి. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. జపాన్ నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి ప్రదేశాల్లో ఇదొకటి.

ఇక ఒక చిన్న లెక్క. కొండ ఎత్తు సముద్ర మట్టానికి 45.6 మీటర్లు. దాని మీద రాతి పునాది సుమారు 15 మీటర్లు. పునాది మీద చెక్క మేడ 31.5 మీటర్లు. మేడ కొస ఎంత ఎత్తులో ఉన్నట్టు? పిల్లల చేత కూడించండి. అంత ఎత్తున తెల్లగా మెరిసే మేడ పట్టణంలో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. శత్రువుకూ కనిపిస్తుంది. ఈ కోట తమాషా అంతా అందులోనే ఉంది. మేడ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కాలికి మాత్రం అందదు.

మొదటి అడ్డు: అగడ్త

రైలు స్టేషన్ నుంచి కోటకు తిన్నటి పెద్ద రోడ్డు ఉంది. నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. 400 ఏళ్ళ కిందట వచ్చే సైనికుడికి అంత తేలిక కాదు. అతనికి ముందుగా అగడ్తలు ఎదురయ్యేవి. కోట చుట్టూ తవ్వి నీళ్ళు నింపిన కందకాన్ని అగడ్త అంటాం. హిమెజికి బయటిది, మధ్యది, లోపలిది అని మూడు అగడ్తలు ఉండేవి.

మూడు అగడ్తలు అనగానే పిల్లలు ఒకదానిలో ఒకటిగా మూడు గుండ్రటి గీతలు గీస్తారు. హిమెజిలో అవి అలా లేవు. నడిమి నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ బయటికి వెళ్ళే ఒకే సుడిలా ఉంటాయి. జంతిక చుట్టడం చూసిన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. తెలంగాణ ఇళ్ళలో అయితే సకినం చుట్టడం గుర్తు చేయండి. వేలు పెట్టి ఆ చుట్టు వెంట నడిపితే, లోపలికి చేరడానికి ఎన్నిసార్లు తిరగాలో తెలుస్తుంది.

ఈ మూడు చుట్ల మధ్య ఊరంతా ఉండేది. లోపలి అగడ్త లోపల ప్రభువు కోట. లోపలి అగడ్తకూ మధ్య అగడ్తకూ నడుమ సమురాయ్‌ల ఇళ్ళు. దాని బయట వర్తకులు, చేతిపనివాళ్ళు, గుళ్ళు. అంటే అగడ్త కోటకే కాదు, ఊరికి కూడా కాపలా. ఇప్పుడు బయటి అగడ్తను చాలావరకు పూడ్చేశారు. మధ్యది కొంత మిగిలింది. లోపలిది మాత్రం నీళ్ళతో నిండుగా ఉంది.

ఆ లోపలి అగడ్త కొలతలు చూడండి. సగటు వెడల్పు 20 మీటర్లు. అంటే ఇంచుమించు ఒక క్రికెట్ పిచ్ పొడవు. అన్నిటికంటే వెడల్పైన చోట 34.5 మీటర్లు. లోతు మాత్రం సుమారు 2.7 మీటర్లే. ఇక్కడ ఆగి పిల్లలను అడగండి. వెడల్పు అంత ఉంచి, లోతు అంత తక్కువ ఎందుకు తవ్వారు?

ఆలోచిస్తే తెలిసిపోతుంది. మనిషిని ఆపడానికి మనిషి ఎత్తును మించిన లోతు చాలు. కవచం తొడిగి, కత్తి కట్టుకుని, బరువులు మోస్తున్నవాడు ఆ నీళ్ళలో నిలబడలేడు, ఈదలేడు. వెడల్పు సంగతి వేరు. సన్నటి కాలవ అయితే ఒక నిచ్చెనో రెండు దూలాలో అడ్డంగా వేసి దాటేయవచ్చు. 20 మీటర్ల మీద అవి ఆనవు. అదే సమయంలో గోడ మీద ఉన్న కాపలావాళ్ళ బాణాలకు, తుపాకులకు అవతలి ఒడ్డు బాగానే అందుతుంది. అగడ్త శత్రువును చంపదు. తుపాకి ముందు చాలాసేపు నిలబెడుతుంది.

రెండో అడ్డు: రాతి గోడ

లోపలి అగడ్త మీద ఇప్పుడున్న చెక్క వంతెన 2007లో కట్టింది. దాన్ని దాటితే విశాలమైన పచ్చిక వస్తుంది. ఒకప్పుడు అక్కడ ప్రభువుల నివాస భవనాలు ఉండేవి. పిల్లలు చాలామంది రాజు మేడ పై అంతస్తులో ఉండేవాడని అనుకుంటారు. కానీ మేడ యుద్ధం వచ్చినప్పటి కోసం. మామూలు రోజుల్లో కాపురం కింద, ఇలాంటి భవనాల్లోనే.

ఇప్పుడు తల ఎత్తి రాతి గోడలు చూడండి. అడుగున గోడ వాలుగా, ఎక్కడానికి వీలుగానే కనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ నిటారుగా మారుతుంది. విప్పిన విసనకర్ర అంచు వంపులా ఉంటుందని జపాన్‌వాళ్ళు దీన్ని విసనకర్ర వాలు అంటారు. ఎక్కడం మొదలుపెట్టిన సైనికుడికి మొదట్లో ధైర్యం వస్తుంది. సగం పైకి వెళ్ళాక కాలు ఆనడానికి చోటు ఉండదు. కింద కొండ, పైన శత్రువు.

ఆ వంపుకు ఇంకో కారణం కూడా ఉంది. వెడల్పైన అడుగు భాగం పైనున్న బరువును మోస్తుంది. రాళ్ళ మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. పెద్ద రాళ్ళ వెనక చిన్న రాళ్ళు దట్టించి వదిలేశారు. వాన నీళ్ళు ఆ సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి గోడ వెనక నీరు నిలిచి నెట్టదు. సైన్స్ ఇష్టపడే పిల్లలతో ఈ ఒక్క విషయం మీద అరగంట మాట్లాడవచ్చు.

అన్ని రాళ్ళు క్వారీ నుంచి వచ్చినవి కావు. రాళ్ళకు కరువొచ్చి పాత సమాధుల రాతి పెట్టెలు, తిరగళ్ళు కూడా గోడల్లో పేర్చారు. వాటిలో ఒక రాయికి కథ ఉంది. హిదెయోషి కోట కట్టిస్తూ రాళ్ళు చాలక ఇబ్బంది పడుతున్నాడని విని, బియ్యపు పిండి ముద్దలు కాల్చి అమ్ముకునే ఒక పేద ముసలమ్మ తన తిరగలి రాయిని ఇచ్చేసిందట. అది విని ఊళ్ళోవాళ్ళంతా రాళ్ళు తెచ్చి ఇచ్చారట. ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. అయినా ఆ రాయి ఇదేనంటూ గోడలో ఒకదాన్ని వల కప్పి చూపిస్తారు. కథకూ చరిత్రకూ తేడా పిల్లలకు చెప్పడానికి ఇది మంచి చోటు. ముసలమ్మ నిజమో కాదో మనకు రుజువు లేదు. గోడల్లో తిరగలి రాళ్ళు ఉన్నాయన్నది మాత్రం కంటితో చూసి చెప్పవచ్చు.

మూడో అడ్డు: దారి

ఇక అసలు నడక. మొదటి పెద్ద ద్వారం పేరు హిషి. దాని తర్వాతి ద్వారాలకు వరసగా ఇ, రొ, హ, ని, హొ అని పేర్లు. ఇవి జపాన్ పాత అక్షరమాల వరసలో మొదటి అక్షరాలు. మనం అ, ఆ, ఇ, ఈ అని తలుపులకు పేర్లు పెట్టినట్టన్నమాట. ఒకప్పుడు కోటలో 84 ద్వారాలు ఉండేవి. ఇప్పుడు 21 మిగిలాయి.

మీరు ఇప్పుడు హిషి ద్వారం బద్దలు కొట్టుకుని వచ్చిన సైనికుడు. ఎదురుగా కొండ మీద మేడ కనిపిస్తోంది. వెంట వందల మంది ఉన్నారు. పరుగెత్తితే అరనిమిషం దూరం. పరుగెత్తండి.

ఇ ద్వారం, రొ ద్వారం దాటాక దారి ఎత్తుకు ఎక్కుతుంది. పక్కనే పొడుగునా తెల్లగోడ, గోడ నిండా తూట్లు. ఏ తూటు వెనక ఎవరున్నారో తెలియదు. దారి ఇరుకవుతూ పోతుంది. వందల మంది కలిసి వచ్చినా ముందుకు పోగలిగేది కొద్దిమందే. వెనకవాళ్ళు నెడుతూ ఉంటారు.

హ ద్వారం దాటగానే దారి మెలితిరిగి వెనక్కి మళ్ళుతుంది. ఇప్పటిదాకా మేడ ఎదురుగా ఉంది. ఇప్పుడు మేడ మీ వీపు వెనక ఉంది. ‘దారి తప్పామా?’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ అనుమానంతో అందరూ ఒక్క క్షణం ఆగుతారు. ఆగిన చోట పైనుంచి బాణాలు పడతాయి. ని ద్వారం ఇరుకు, పైకప్పు తక్కువ, లోపల చీకటి. పొడవాటి ఈటె పట్టుకున్నవాడు దాన్ని తిప్పలేడు.

తర్వాత హొ ద్వారం. ఇనుప రేకులు తాపిన చిన్న గుమ్మం. తల వంచి ఒక్కొక్కరే దూరాలి. అవసరమైతే కాపలావాళ్ళు తలుపు మూసి లోపలి వైపు మట్టి పోసి పూడ్చేయగలరు. అప్పుడు అక్కడ ద్వారమే ఉండదు, గోడే ఉంటుంది.

హొ దాటినవాడికి మేడ తల మీదే ఉన్నంత దగ్గరగా కనిపిస్తుంది. ఇక ఎక్కడమే అనుకుంటాడు. కానీ అక్కడి నుంచి దారి కిందికి దిగుతుంది. మేడ పైన ఉంటే దారి కిందికి దిగడమేమిటి? మళ్ళీ అదే అనుమానం. నిజానికి సరైన దారి అదే.

ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి పిల్లలను ఒక మాట అడగండి. ఈ దారి కట్టినవాడు శత్రువు కాళ్ళను ఆపాడా, మనసును ఆపాడా? రెండు జవాబులకూ కారణం చెప్పించండి. గోడ ఎంత ఎత్తున్నా నిచ్చెన వేయవచ్చు. ‘సరైన దారిలోనే ఉన్నానా?’ అన్న అనుమానానికి నిచ్చెన వేయడం కష్టం.

నాలుగో అడ్డు: తూట్లు, కిటికీలు

తెల్లగోడల్లో గుండ్రంగా, త్రికోణంగా, చదరంగా, నిలువు దీర్ఘచతురస్రంగా తూట్లు కనిపిస్తాయి. కోట మొత్తం మీద దాదాపు 1,000 ఉన్నాయి. ఫొటోల్లో అందం కోసం పెట్టినట్టుంటాయి. ఆకారాన్ని బట్టి పని వేరు. పొడవాటివి బాణాలకు, ఎందుకంటే విల్లు నిలువుగా పట్టుకుంటారు. మిగతావి తుపాకులకు.

ఒక తూటును దగ్గరగా చూస్తే ఇంకో తెలివి కనిపిస్తుంది. లోపలి వైపు వెడల్పుగా, బయటి వైపు సన్నగా ఉంటుంది. లోపల ఉన్నవాడు తుపాకిని అటూ ఇటూ తిప్పి గురి చూసుకోగలడు. బయట ఉన్నవాడికి కొట్టడానికి కనిపించేది చిన్న రంధ్రమే. అట్టముక్కను గరాటులా చుట్టి పిల్లలకు ఇవ్వండి. వెడల్పు వైపు నుంచి ఒకసారి, సన్న వైపు నుంచి ఒకసారి చూడమనండి. మాటలతో చెప్పేకంటే అదే బాగా అర్థమవుతుంది.

గోడ మూలల్లో కొన్ని చోట్ల కట్టడం కొంచెం బయటికి పొడుచుకుని వచ్చి, అడుగున సందు ఉంటుంది. గోడకు అతుక్కుని ఎక్కేవాడికి బాణం తగలదు. వాడి కోసమే ఆ సందు. అందులోంచి రాళ్ళు జారవిడుస్తారు.

తెల్ల రంగు, లోపలి మేడ

కొంగలా తెల్లగా ఎందుకుంది? అది రంగు కాదు, సున్నపు పూత. సున్నంలో జనపనార లాంటి పీచు, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు కలిపి తయారు చేస్తారు. మేడ ఎముకలన్నీ చెక్కవి. చెక్కకు అసలు శత్రువు నిప్పు. అందుకే గోడలకే కాదు, చూర్ల అడుగుకూ, పెంకుల అతుకుల మీదా పూత పూశారు. అందం వచ్చింది నిజమే. పూసింది మాత్రం నిప్పు భయంతో.

మేడ బయటికి అయిదంతస్తులు కనిపిస్తుంది. లోపల ఆరు అంతస్తులు, కింద ఒక నేలమాళిగ. బయటినుంచి లెక్కపెట్టిన శత్రువుకు అక్కడా లెక్క తప్పుతుంది. గోడల పొడవునా ఈటెలు, తుపాకులు తగిలించడానికి కొయ్యలు. తుపాకి పొగ బయటికి పోవడానికి పైన కిటికీలు. సైనికులు దాక్కునే చిన్న గదులు. నిచ్చెనలంత నిటారు మెట్లు. నేలమాళిగ నుంచి పై దాకా దాదాపు 25 మీటర్ల పొడవున రెండు మహా స్తంభాలు మొత్తం బరువు మోస్తాయి. తూర్పుది, పడమటిది అని వాటికి పేర్లు.

రాయని పరీక్ష

ఇంత చేశాక యుద్ధం ఎలా జరిగింది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు వినగానే కొందరు నిరాశపడతారు. యుద్ధం జరగలేదు.

తెరుమాస కట్టించిన ఈ కోట మీదికి ఏ సైన్యమూ వచ్చి ఆ మలుపుల్లో పోరాడలేదు. ని ద్వారం దగ్గర ఎవరూ చిక్కుకోలేదు. తొకుగావ వంశం పాలించిన రెండున్నర శతాబ్దాలూ దేశం దాదాపు ప్రశాంతంగా ఉంది. 1868లో ఆ పాలన కూలినప్పుడు మాత్రం కొత్త ప్రభుత్వం పంపిన ఒకయామ సైన్యం కోట ముందుకు వచ్చింది. దాని నాయకుడు ఎవరో తెలుసా? కోట కట్టించిన ఇకెదా తెరుమాస వంశస్థుడే. ఫిరంగుల్లో ఉత్త మందు పెట్టి పేల్చి బెదిరించారు. లోపలివాళ్ళు కోట అప్పగించేశారు.

తొమ్మిదేళ్ళు ప్రిపేరై, పరీక్షే రాయని విద్యార్థి లాంటిది ఈ కోట. మరి ఆ కష్టం వృథా అయినట్టా? శత్రువు రాకపోవడమే కోట గెలుపు అనవచ్చా? లేక యుద్ధాలు లేని కాలం కలిసొచ్చిందా? ఇంట్లో దీని మీద వాదించుకోండి. మార్కులు లేని ప్రశ్న ఇది. అమ్మ ఒక పక్షం, నాన్న ఒక పక్షం తీసుకున్నా ఫర్వాలేదు.

ఊహించని శత్రువులు

కోట అసలు పరీక్ష వేరే వైపు నుంచి వచ్చింది. కట్టినవాళ్ళు ఊహించని శత్రువులు ఒక్కొక్కటే వచ్చాయి.

మొదటిది దాని సొంత బరువే. కింది నేల ఆ బరువుకు కుంగి, మేడ కాలక్రమేణా ఆగ్నేయానికి వాలింది.

రెండోది, కోటలు ఇక అక్కర్లేదన్న ఆలోచన. 1870లలో కొత్త ప్రభుత్వం దేశంలో చాలా కోటలను వదిలించుకుంది. హిమెజిని వేలం వేశారు. ఒక స్థానికుడు 23 యెన్‌ల చిల్లరకు కొనుక్కున్నాడు. కూల్చి స్థలం వాడుకుందామనుకున్నాడు. కూల్చడానికి అయ్యే ఖర్చు లెక్క వేసుకుని మానేశాడు. తర్వాత నకమురా షిగెతో అనే సైనికాధికారి ఈ కోటను కాపాడాలని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాడు. మరమ్మతులకు దారి దొరికింది. హిషి ద్వారం దగ్గర ఆయన పేరున ఒక రాతి ఫలకం ఉంది. ఇన్ని ద్వారాలు, ఇన్ని తూట్లు ఉన్న కోటను చివరికి కాపాడింది ఒక అధికారి మొర.

మూడోది ఆకాశం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 జులై 3 రాత్రి హిమెజి పట్టణం మీద బాంబులు కురిశాయి. చుట్టూ ఊరు కాలిపోయింది. తెల్లటి మేడ దూరానికి కనపడకుండా ముందే నల్లటి వలలు కప్పారు. పై అంతస్తు మీద ఒక నిప్పు బాంబు పడింది, కానీ అది పేలలేదు. అగడ్తలకూ, మలుపులకూ, తూట్లకూ ఆ రాత్రి చేయగలిగిన పని ఏమీ లేదు. మిగలడం అదృష్టం. ఆ రాత్రి చనిపోయినవాళ్ళకు, ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఆ అదృష్టం దక్కలేదు. పిల్లలకు కోట మిగిలిన సంగతి చెప్పినప్పుడు ఊరి సంగతి కూడా చెప్పండి.

ఆ తర్వాత కోటను కాపాడింది వడ్రంగులు, తాపీవాళ్ళు. 1956 నుంచి 1964 వరకు పెద్ద మేడను విప్పి, అడుగున కాంక్రీటు పునాది వేసి, మళ్ళీ కూర్చారు. పుచ్చిపోయిన పడమటి మహా స్తంభాన్ని మార్చారు. అంత పొడవైన స్తంభాన్ని రెండు మానులు అతికి తయారు చేయాల్సి వచ్చింది. 2009 నుంచి 2015 వరకు పెంకులు సరిచేసి, సున్నం పూత కొత్తగా పూశారు. సున్నం పూత శాశ్వతం కాదు. వానకు, బూజుకు నల్లబడుతుంది. మళ్ళీ పూయాలి. కొంగను తెల్లగా ఉంచే పని ఎప్పటికీ పూర్తి కాదు.

చరిత్ర పాఠాల్లో మనం కట్టించినవారి పేరు, సంవత్సరం బట్టీ పట్టిస్తాం. హిమెజి దగ్గర ఆ ఒక్క పేరుతో సగం జవాబే వస్తుంది. కట్టించింది తెరుమాస. 400 ఏళ్ళు నిలబెట్టింది మాత్రం పేర్లు తెలియని ఎంతోమంది. ‘ఎవరు కట్టారు?’ అన్నదాని పక్కన ‘ఎవరు నిలబెట్టారు?’ అన్న ప్రశ్న కూడా పిల్లలకు అలవాటు చేయండి. ఈ పాఠం నుంచి ఆ ఒక్కటి గుర్తున్నా చాలు.

ఇప్పుడు దారం పని

మీ కాగితం మీది రెండు చుక్కల మధ్య 32.5 సెంటీమీటర్ల దారం పరవండి. ఒక కొస ‘ద్వారం’ మీద, రెండో కొస ‘మేడ’ మీద ఉండాలి. దారం మొత్తం వాడాలి. ఎక్కడా ఒకదాని మీద ఒకటి దాటకూడదు. ఎలా మెలికలు తిప్పుతారో మీ ఇష్టం. నచ్చిన దారిని జిగురుతో అంటించి, కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. మీ దారిలో మేడ వీపు వెనకకు వచ్చే మలుపు ఎక్కడుంది?
2. కాపలావాళ్ళను ఎక్కడ నిలబెడతారు? అయిదుగురే ఉంటే ఏ అయిదు చోట్లు?
3. వానాకాలంలో మీ కోటలో ముందుగా పాడయ్యేది ఏది? దాన్ని ఎవరు, ఎన్నాళ్ళకొకసారి బాగు చేస్తారు?
4. 130 మీటర్లకు 325 మీటర్లు రెండున్నర రెట్లు. మీ ఇంటి నుంచి బడికి మ్యాప్‌లో తిన్నటి గీత దూరం ఎంత, బస్సు తిరిగే దారి ఎంత? ఎన్ని రెట్లు?

చిన్న పిల్లలకు మొదటి రెండు ప్రశ్నలు చాలు. మూడో ప్రశ్నకు తల్లిదండ్రులు జవాబు చెప్పేయకండి, కాస్త ఆగండి. ఈసారి సెలవుల్లో మీరు ఏ కోటకు వెళ్ళినా, ఫొటోలు దిగాక పది నిమిషాలు ఇవే ప్రశ్నలు అక్కడ కూడా వేసి చూడండి.

కొత్త మాటలు

అగడ్త: కోట చుట్టూ తవ్వి నీళ్ళు నింపిన కందకం. ఇంగ్లిష్ పాఠాల్లో ‘మోట్’ అని కనిపించేది ఇదే.

తిరగలి: ధాన్యం, పప్పులు విసిరే రెండు రాళ్ళ పనిముట్టు. ఇంట్లో లేకపోతే అమ్మమ్మను అడగండి.

తూటు: గోడకు అటూ ఇటూ సాగే రంధ్రం.

చూరు: గోడ దాటి బయటికి వచ్చిన ఇంటి కప్పు అంచు.

సమురాయ్: జపాన్‌లో ప్రభువు కొలువులో ఉండే యోధుడు.

దారం అంటించిన కాగితాన్ని పిల్లల డైరీలో పెట్టి క్లాస్ టీచరుకు పంపండి. ఏ రెండు దారులూ ఒకలా ఉండవు కాబట్టి పక్కవాళ్ళది చూసి వేసే వీలు లేదు. అన్నీ క్లాసులో గోడకు పెట్టి, ఎవరి కోటలో శత్రువు ఎక్కువసేపు తిరుగుతాడో పిల్లల చేతే తేల్పిస్తాం.